అయిదు రావాలి

మా నాన్నను చూసుకోవడం నాకు కష్టంగా ఉందని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. కష్టం కాదని కాదు. చెప్పుకోవాల్సినదాన్ని నేనుండగా మధ్యలో వీళ్ళెవరు? మా తమ్ముడు ఆదివారమొస్తే చాలు, వచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "ఎన్నాళ్ళని చేస్తావక్కా" అని నిట్టూరుస్తాడు. చేసేది నేను, నిట్టూర్చేది వాడు.

మాకు కింద షాపు, పైన ఇల్లు. షాపు పెద్ద రోడ్డు మీదికి ఉంటుంది, ఇంటి మెట్లు మాత్రం వెనక సందులోకి దిగుతాయి. ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్ బోర్డులు, తూకం మిషన్లు, ఏదొస్తే అది బాగుచేస్తాను. షాపు పెట్టింది మా నాన్న. ఆయన్ని అందరూ 'అయిదు మాస్టారు' అనేవాళ్ళు. ఆయన కాలంలో చిప్పులున్న బోర్డులన్నీ అయిదు వోల్టుల మీద నడిచేవి. ఏ బోర్డు బల్ల మీదికొచ్చినా ముందు మీటరు పెట్టి సప్లై చూసేవాడు. "అయిదు వచ్చిందా?" అని అడిగేవాడు. రాకపోతే మిగతాదేదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ముందు దానికి తిండి పెట్టండి, తర్వాత పని చెప్పండి" అనేవాడు. నేను ఆయన పక్క స్టూలు మీద కూర్చునే పని నేర్చుకున్నాను. నాకు వచ్చిన విద్యంతా ఆయన పెట్టిన భిక్షే, నా నోటి దురుసుతో సహా.

మరుపు ఒక్కసారిగా రాలేదు. ముందు కస్టమర్ల పేర్లు పోయాయి. నాకూ గుర్తుండవులే అనుకున్నాను. తర్వాత మా వీధి పోయింది, తమ్ముడి ఉద్యోగం పోయింది, అంటే ఆయన బుర్రలోంచి పోయింది. ఆ తర్వాత సంచీలో స్క్రూడ్రైవర్లు వేసుకుని, ఎవరింట్లోనో బోర్డు పాడైందంటూ బయల్దేరడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం రైలు గేటు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "మీ నాన్నగారనుకుంటానమ్మా, జేబులో మీ షాపు కార్డుంది. పట్టాల మధ్య నిలబడి ఉంటే ఇవతలికి లాక్కొచ్చాను" అన్నాడు గేటుమాన్. షాపు తెరిచినదాన్ని తెరిచినట్టే వదిలేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి మహానుభావుడు గేటుమాన్ గదిలో దర్జాగా కూర్చుని, గోడ మీదున్న ఫోను విప్పనిస్తావా లేదా అని అతనితో పేచీ పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి, "గరగరమంటోందమ్మడూ, సప్లై చూద్దామంటే ఒప్పుకోడే ఈయన" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

విషయం తెలిసి తమ్ముడు ఆ సాయంత్రమే ఊడిపడ్డాడు.

"ఊరి బయట మంచి హోమ్ ఉందక్కా. నర్సులుంటారు, చుట్టూ గోడ ఉంటుంది."

"గోడలు మనింటికి లేవా?"

"మాట మార్చకు. రైలొచ్చుంటే ఏమయ్యేది?"

అంతకు ముందు ఓసారి తలుపుకి తాళం వేసి చూశాను. తలుపు బాది బాది అరచేతులు కందిపోయాయి ఆయనకి. "నేనేం తప్పు చేశానమ్మా" అని అడిగాడు. ఆ తాళంచెవి ఎక్కడ పారేశానో నాకే తెలియదు.

చివరికి తమ్ముడే ఒక మాట అన్నాడు. "ఇంకొక్కసారి నాన్న నీకు తెలియకుండా గడప దాటితే మాత్రం నిన్నడగను. తీసుకెళ్ళి చేర్పించేస్తాను." వాడు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. సరేనన్నాను. అనకుండా ఎలా ఉంటాను, ఆ పట్టాలు నేనూ చూశానుగా.

మర్నాడే ఒక పెట్టె చేశాను. సబ్బుపెట్టెంత ఉంటుంది. తలుపు పక్కన బిగించాను. తలుపు తెరుచుకోగానే అందులో ఉన్న చిన్న వైర్‌లెస్ మాడ్యూల్ సిగ్నల్ పంపుతుంది, కింద నా బల్ల మీద బజర్ మోగుతుంది. మాడ్యూల్ గోరంత ముక్క. ఈ కాలపు సరుకు, మూడు పాయింట్ మూడు వోల్టులే దాని తిండి. అయిదిస్తే చచ్చూరుకుంటుంది. గోడకి పెట్టిన అడాప్టర్ అయిదిస్తుంది కాబట్టి, మధ్యలో మూడుకాళ్ళ రెగ్యులేటర్ ఒకటి పెట్టి తగ్గించాను. మీటరు పెట్టి చూసుకున్నాను, సరిగ్గా మూడు పాయింట్ మూడు. తలుపు తీశాను, కింద బజర్ అరిచింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

రోజూ కిందికి దిగేముందు పరీక్షించుకునేదాన్ని. కొన్నాళ్ళు బాగానే మోగింది. ఒక ఉదయం తలుపు తీస్తే కింద ఉలుకూ పలుకూ లేదు. మాడ్యూల్ తీసి చూస్తే చచ్చిపోయి ఉంది. నాసిరకం ముక్క తగిలిందనుకుని, పెట్టె గోడ మీంచి ఊడదీయకుండానే పాతది లాగేసి కొత్తది గుచ్చాను. అది గుచ్చగానే పోయింది. ఇంకొకటి. అదీ పోయింది. నా కోపం నషాళానికంటింది. మూడు శవాలనీ పొట్లం కట్టుకుని స్పేర్ పార్టులు అమ్మే బాబాయ్ దగ్గరికి వెళ్ళాను.

"ఏం బాబాయ్, చెత్తంతా ఏరి నాకే అంటగడుతున్నావా?"

ఆయన తాపీగా కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. "అయిదిచ్చి కాల్చేశావు కదే."

"నేనా? అయిదు మాస్టారి కూతుర్ని పట్టుకుని సప్లై గురించి నువ్వు చెప్తావా?"

"నాకేం తెలుసమ్మా, ముక్క చెప్తోంది" అన్నాడు. అరుస్తూనే ఇంకో రెండు కొనుక్కుని, ఇంకా గట్టిగా అరుస్తూ బయటికొచ్చాను.

వచ్చేసరికి షాపు ముందు మూల మీది టైలర్ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో మా నాన్న చెయ్యి. భుజాన సంచీ. "సందు చివర కనబడ్డారక్కా, దారి తప్పినట్టున్నారు" అంది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, తమ్ముడికి మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాను. నేను ఎవర్నీ బతిమాలే రకం కాదు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఏమీ అడగకుండా తలూపి వెళ్ళిపోయింది.

నాన్నను కూర్చోబెట్టి, పెట్టె గోడ మీంచి పూర్తిగా ఊడదీసి వెనక్కి తిప్పాను. రెగ్యులేటర్ కాలి నుంచి కాలికి అడ్డంగా ఒక తీగ ముక్క. అంటే రెగ్యులేటర్ ఉన్నా లేనట్టే, అడాప్టర్ ఇచ్చే అయిదూ తిన్నగా మాడ్యూల్‌కి వెళుతోంది. ఎవరు చేశారని అడగనక్కర్లేదు. తీగ రెండు చివర్లా మట్టంగా వంచి ఉంది. టంకం అద్దంలా మెరుస్తోంది. టంకం చుట్టూ పేరుకునే పొగచూరిన జిగురు ఒక్క చుక్క లేకుండా థిన్నర్‌తో తుడిచి ఉంది. అంత శుభ్రంగా తుడిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే. నేను కూడా తుడవను, బద్ధకం.

పైన ఆయన గదిలో ఒక చిన్న బల్ల, మీటరు, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ ఉంచాను నేను. వాటితో ఉన్నంతసేపూ నెమ్మదిగా ఉంటాడని. వాటితోనే చేశాడు.

"నాన్నా, ఈ పెట్టె నువ్వు విప్పావా?"

"అవునమ్మడూ." మొహం వెలిగిపోయింది. "సప్లై మూడే వస్తోంది. అడాప్టర్ అయిదిస్తుంటే మధ్యలో ఈ ముక్క మింగేస్తోంది. ఎవడో గాడిద కట్టాడు. పాపం, తిండి లేక నీరసించిపోయి ఉంది. సరిచేశాను."

"ఆ గాడిదను నేనే!"

అరిచేశాను. అరవకూడదు, తెలుసు. కానీ రైలు పట్టాలు, తమ్ముడి మాట, ఆ సంచీ, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఆయన బిత్తరపోయి చూశాడు. నేను కింద కూర్చుని, ఆయన మోకాలు పట్టుకుని, మెల్లగా చెప్పాను. ఇది కొత్త రకం నాన్నా, దీనికి మూడు పాయింట్ మూడే తిండి, అయిదు పెడితే చచ్చిపోతుంది అని. శ్రద్ధగా విన్నాడు. నా చేతిలోని ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడుంపావుతో పనిచేస్తుందా ఇది? ఇంత లేదు, గాలిలో మాట పంపుతుందా?" అన్నాడు అబ్బురంగా. అంతలోనే మొహం వాడిపోయింది. "అయ్యో, అయితే నేనే చంపేశానన్నమాట. పొరపాటైందమ్మడూ, ఇంకెప్పుడూ చెయ్యను."

మర్నాడు మళ్ళీ చేశాడు.

నేను చెప్పింది రాత్రికే చెరిగిపోయింది. పొద్దున్న లేస్తే ఆయనకి మిగిలేది ఒక్కటే, అయిదు రావాలి. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అబ్బురపడ్డాడు. మళ్ళీ మొహం వాడిపోయింది, మళ్ళీ పొరపాటైందన్నాడు. మా నాన్న చేత రోజూ క్షమాపణ చెప్పించుకునే పాపం నాకెందుకు? మూడోసారి చెప్పడం మానేశాను.

పెట్టె సంగతి వరకే చెబితే, తమ్ముడికి మాత్రం బాగానే తోచింది సలహా. "ఐరన్ తీసెయ్యక్కా. ఇల్లు తగలబడినా తగలబడుతుంది." అదీ నిజమే కదా అని బల్ల ఖాళీ చేసి అన్నీ కిందికి తెచ్చేశాను. ఆయన ఖాళీ బల్ల ముందు కూర్చున్నాడు. చేతులు ఆ బల్ల మీద దేనికోసమో వెతికేవి. పళ్ళెంలో చెంచా తీసి దాని కొసతో గోడ స్విచ్చుల స్క్రూలు తిప్పబోయాడు. అదీ లాక్కున్నాను. ఆ పూట తినలేదు. మర్నాడూ ముద్ద ముట్టలేదు. "పనేమీ లేదుగా, ఆకలెందుకవుతుంది" అన్నాడు. ఆ మాట వినలేక, ఐరన్ తెచ్చి చేతిలో పెట్టాను. ఆ గది ప్లగ్గుకి మాత్రం స్విచ్ కింద నా బల్ల దగ్గర పెట్టుకున్నాను. మధ్యాహ్నం కాసేపు కరెంటిచ్చి, పని లేనప్పుడు నేనూ పైనే కూర్చునేదాన్ని.

పెట్టెకు ఉపాయం అప్పుడే తట్టింది. అసలు పెట్టె తీసి తలుపు పైన, చెక్క వెనక దాచాను, ఆయన తలెత్తి చూడని చోట. పాత చోట అలాంటిదే ఇంకోటి బిగించాను, కాలిపోయిన మాడ్యూల్‌తో. దానికీ రెగ్యులేటర్, దానికీ మూడు పాయింట్ మూడు. పక్కన ఒక చిన్న లైటు పెట్టాను. అయిదు రాగానే బాగా వెలుగుతుంది. చేసిన పనికి ఫలితం కనబడాలి కదా మనిషికి.

అప్పట్నుంచి మా నాన్న మళ్ళీ ఉద్యోగస్తుడయ్యాడు. మధ్యాహ్నం పెట్టె విప్పేవాడు, మీటరు పెట్టేవాడు, ఎవడో గాడిదను తిట్టేవాడు, తీగ వంచి అతికేవాడు, తుడిచేవాడు, బిగించేవాడు. పొద్దున్నే ఆయన లేవకముందు నేను ఆ తీగ పీకేసేదాన్ని. సాయంత్రం టీ తాగుతూ చెప్పేవాడు.

"ఇవాళొక కేసొచ్చిందమ్మడూ. సప్లై కుంగిపోయింది."

"ఎంతొస్తోందేంటి?"

"మూడుంపావు. అసలు కట్టినవాడికి చేతులున్నాయా అని."

"ఆడదై ఉంటుంది నాన్నా, నోరు మాత్రం ఉండుంటుంది."

"అవునవును, నోరున్నవాళ్ళకి చెయ్యుండదు" అని పకపకా నవ్వేవాడు. నన్ను నా ఎదుటే రోజూ తిట్టించుకుని, టీ పోసి ఇచ్చేదాన్ని. అంత సుఖంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

అసలు పెట్టె కూడా బుద్ధిగా పనిచేసింది. ఆయన సంచీ తగిలించుకుని తలుపు తీసినప్పుడల్లా బజర్ మోగేది, నేను మెట్ల దగ్గరే పట్టుకునేదాన్ని. "ఎక్కడికి మాస్టారూ?" అంటే "సర్వీసుకి" అనేవాడు. "ముందు ఇంట్లో కేసు చూడండి" అని పైకి తీసుకెళ్ళేదాన్ని. తమ్ముడు హోమ్ మాట తగ్గించాడు. గెలిచాననుకున్నాను. నాన్న నా దగ్గరే ఉంటాడనుకున్నాను.

తర్వాత టంకం మారింది. మొదట పట్టించుకోలేదు. ఒక రోజు తీగ వంపు వంకరపోయింది. ఇంకో రోజు టంకం ముద్దగా, మసకగా పడింది. తుడవడం మానేశాడు. ఇదంతా నా చేతిపనిలా ఉందే అని నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. ఒకసారి తీగ వేరే కాలికి అతికాడు, లైటు వెలగనే లేదు. అయినా టీ దగ్గర "అయిపోయింది, అయిదొచ్చింది" అన్నాడు. "వచ్చింది నాన్నా, చూశాను" అన్నాను. ఆయన అతికిన తీగలు పీకేటప్పుడు విసుక్కునే నేను, ఆ తర్వాత పీకడానికి చెయ్యి రాక కాసేపు అలా పట్టుకు నిలబడేదాన్ని.

అమ్మడూ అని పిలవడం కూడా ఆ రోజుల్లోనే ఆగింది. "మీరు టీ తాగారా?" అని అడిగాడొకసారి, కస్టమర్లను అడిగినట్టు ఎంతో మర్యాదగా. చిన్నప్పట్నుంచీ తిట్టినా కొట్టినా నువ్వే అన్న మనిషి. తాగానండీ అన్నాను.

చివరికి ఒక ఉదయం పెట్టె తెరిస్తే అందులో తీగ లేదు. విప్పిన జాడ లేదు, స్క్రూల మీద నేను పెట్టిన గీత నేను పెట్టినట్టే ఉంది. ఒంట్లో బాగోలేదేమోనని నుదురు తాకి చూశాను. బాగానే ఉన్నాడు. తిన్నాడు, పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం కరెంటిచ్చి పైకొచ్చి చూస్తే, ఐరన్ వేడెక్కి ఒంటరిగా ఉంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మర్నాడూ అంతే. సంచీ తగిలించుకోవడమూ లేదు. బజర్ మోగడమూ లేదు.

ఆదివారం తమ్ముడొచ్చాడు. ఆయన నెమ్మదిగా కూర్చున్నది చూసి వాడి ప్రాణం కుదుటపడింది. "చూశావా, ఇప్పుడసలు బయటికి పోవాలనే లేదు. ఇంక ఆ హోమ్ మాటే వద్దులే. నువ్వన్నట్టే ఇక్కడే ఉండనిద్దాం. నువ్వే గెలిచావక్కా" అన్నాడు సంతోషంగా. వాణ్ణి సందు చివరిదాకా దిగబెట్టి పైకొచ్చాను.

పెట్టె గోడ మీంచి ఊడదీసి, మూత తీసి, నాన్న ఒళ్ళో పెట్టాను. మీటరు ఆన్ చేసి, తీగలు రెండూ ఆయన చేతుల్లో పెట్టి, నా చేతులతో పట్టుకుని రెగ్యులేటర్ కాళ్ళకి ఆనించాను. మూడు పాయింట్ మూడు.

"చూడు నాన్నా. సప్లై ఎంతొస్తోందో చూడు."

అంకెల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, ఏం జవాబు చెబితే నాకు నచ్చుతుందో వెతుక్కుంటున్నట్టు.

"బాగానే ఉందండీ" అన్నాడు.

"బాగాలేదు! అయిదు రావాలి నాన్నా. అయిదు కదా రావాలి? ఎవడో గాడిద కట్టాడు దీన్ని, చూడు. తిట్టు. ఒక్కసారి తిట్టు నాన్నా."

ఆయన మీటరు తీగలు జాగ్రత్తగా కింద పెట్టాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది, ఆయన మొహంలో కంగారు చూసి. ఎక్కడో తప్పిపోయి వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తున్నాడు నన్ను. మెల్లగా భుజం తట్టాడు.

"ఏడవకండమ్మా. మీవాళ్ళెవరైనా ఉన్నారా? పిలుచుకురానా?"

"మా నాన్న" అన్నాను. "మా నాన్న కావాలి."

"అంతేగా, వెతుకుదాం పదండి" అని లేచాడు. చాలా రోజుల తర్వాత లేచాడు అలా, పని పడ్డ మనిషిలా. చెప్పులు తొడిగాను. తలుపు తీశాం. మెట్ల దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నేను ఎక్కడ పడిపోతానోనని, ఒక్కో మెట్టూ నాకు చూపిస్తూ దింపాడు.